డ్యాష్‌బోర్డులో స్ప్రింగు బొమ్మ లైటు, దాని వెనక నూరేళ్ల కథ



చలి మొదలైంది. ఈ రోజుల్లో ఎవరు కలిసినా ఒకే ముచ్చట. ఒకరు అంటారు, "అన్నా, తాళం తిప్పితే స్ప్రింగు బొమ్మ లైటు ఎంతసేపటికీ ఆరడం లేదు." ఇంకొకరు, "లైటు మామూలుగానే వస్తాంది, పోతాంది, బండి మాత్రం లేయడం లేదు." మూడో ఆయన, "రోడ్డు మీద పోతావుంటే ఆ లైటు కొట్టుకుంటా ఉంది, నిలిపేయాల్నా?"

ముగ్గురూ అడిగేది ఒకే లైటు గురించే. కానీ ముగ్గురి బండ్లలో ఉన్న జబ్బు ఒకటి కాదు. మెకానిక్ దగ్గరికి పోతే మాత్రం ముగ్గురికీ ఒకే మందు రాస్తారు: "హీటర్ ప్లగ్గులు పోయినాయి, నాలుగూ మార్చాల." మా మదనపల్లె వైపు టమాటా రైతుకు ఇది చిన్న విషయం కాదు. తెల్లవారుజామున బండి లేవకపోతే వేలం వేళకు సరుకు మండీకి చేరదు. కోసిన కాయ క్రేట్లలోనే మెత్తబడుతుంది. పైగా అక్కరలేని సామాన్ల ఖర్చు.

నేను మెకానిక్‌ను కాదు. ఇంటర్ వరకు చదివి సేద్యంలో దిగినవాణ్ణి. పాత ఇంజన్ల సంగతులు చదవడం, విప్పి చూడడం నాకు ఇష్టం. చదివినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఏందంటే, ఆ లైటు ఎప్పుడూ ఒకే మాట చెప్పలేదు. గడిచిన నూరేళ్లలో దాని అర్థం మూడుసార్లు మారింది. మన బండి ఏ కాలం నాటిదో తెలిస్తే లైటు మాట సగం అర్థమైనట్టే. అందుకే ఈరోజు చరిత్ర నుంచి మొదలుపెడతా. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

నిప్పు లేకుండా మండే ఇంజన్

పెట్రోలు ఇంజన్లో స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది, పెట్రోలు అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్లో నిప్పురవ్వ అనేదే లేదు. గాలిని గట్టిగా అదిమితే అదే వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కడం మనందరికీ తెలిసిందే. అదే సూత్రం. ఇరవై పాళ్ల గాలిని ఒక పాలు జాగాలోకి అదిమితే దాని వేడి 500 డిగ్రీలు దాటిపోతుంది. ఆ వేడి గాలిలోకి డీజిల్‌ను సన్నగా చల్లితే తనంతట తానే మండుతుంది.

ఈ ఆలోచనను ఇంజన్‌గా మలిచినవాడు రుడాల్ఫ్ డీజిల్. జర్మన్ కుటుంబం, పుట్టింది 1858లో పారిస్‌లో. మ్యూనిక్‌లో చదివేటప్పుడు ఆయన గురువు కార్ల్ ఫాన్ లిండే, మంచు తయారుచేసే యంత్రాలకు పేరుపడిన మనిషి. గాలిని అదిమితే వేడి, వదిలితే చల్లన అనే శాస్త్రం ఆ చదువులోనే శిష్యుడికి వంటబట్టింది. 1893లో పేటెంటు చేతికొచ్చింది. ఆగ్స్‌బర్గ్ ఊళ్లోని ఫ్యాక్టరీలో ఏళ్లతరబడి తిప్పలు పడి 1897 ఫిబ్రవరిలో ఇంజన్‌ను అందరి ముందు పరీక్షకు నిలబెట్టారు. నూనెలో ఉన్న శక్తిలో 26 శాతం పనిగా మారింది. ఆ కాలం ఆవిరి ఇంజన్లు దాని దరిదాపుల్లో కూడా లేవు. 1913లో ఆయన ఇంగ్లండుకు పోతూ ఓడ మీద నుంచి సముద్రంలో పడి చనిపోయాడు. తన ఇంజన్ లారీల్లోకి, ట్రాక్టర్లలోకి రావడం ఆయన చూడలేదు.

ఆ తొలి ఇంజన్లు ఇంటి ఎత్తున ఉండేవి. ఫ్యాక్టరీల్లో ఒక చోట నిలబడి తిరిగేవి. సీసాల్లో నింపిన గాలి ఒత్తిడితో వాటిని లేపేవారు. చలికి లేవకపోవడం అనే బాధ వాటికి అంతగా లేదు. ఎందుకంటే పెళ్లి డేగిసాలో అన్నం మధ్యాహ్నం దాకా వెచ్చగా ఉంటుంది, చిన్న గిన్నెలో అన్నం చిటికెలో చల్లారుతుంది. సిలిండరు పెద్దదైతే లోపలి గాలి వేడి నిలుస్తుంది. చిన్నదైతే గోడలు ఆ వేడిని లాగేసుకుంటాయి. డీజిల్ ఇంజన్ చిన్నదై, చక్రాల మీదికి రావాలని చూసినప్పుడే పొద్దున్నే లేపే బాధ మొదలైంది.

మంట పెట్టి లేపిన రోజులు

డీజిల్ కంటే కొంచెం ముందే ఇంగ్లండులో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ అనే ఆయన ఇంకో దారి పట్టాడు. ఇంజన్ తలకాయకు ఒక ఇనుప బుడ్డి తగిలించి, బయట నుంచి బ్లో ల్యాంపుతో అది ఎర్రబడేదాకా కాల్చి, అప్పుడు తిప్పేవారు. ఒకసారి లేచిన తర్వాత లోపలి మంటే ఆ బుడ్డిని వేడిగా ఉంచుతుంది. 1892 నుంచి గ్రాంథమ్ పట్టణంలో హార్న్‌స్బీ వాళ్లు ఈ ఇంజన్లు తయారు చేశారు.

దీన్ని సేద్యంలోకి తెచ్చిన పేరున్న బండి జర్మనీలోని మాన్‌హైమ్‌లో 1921లో వచ్చిన లాంజ్ బుల్‌డాగ్ ట్రాక్టర్. ఒకటే సిలిండరు. రైతు పొద్దున్నే లేచి ముందర బ్లో ల్యాంపు వెలిగించి ఇంజన్ ముక్కును కాల్చాలి. అది వేడెక్కే లోపల గ్రీజు పెట్టుకోవచ్చు, నూనె చూసుకోవచ్చు. తర్వాత స్టీరింగును దాని రాడ్డుతో సహా ఊడబీకి, పక్కనున్న ఫ్లైవీలుకు గుచ్చి తిప్పాలి. ఇంజన్ లేచినాక మళ్లీ స్టీరింగు దాని జాగాలో పెట్టుకోవాలి. మనం తాళం తిప్పి ఐదు సెకండ్లు ఆగమంటే విసుక్కుంటాం.

ఇంగ్లండులో ఫీల్డ్ మార్షల్ అనే ట్రాక్టరుకు ఇంకో పద్ధతి ఉండేది. ఉప్పుమందు పట్టించిన కాగితం ముక్కను రాజేసి ఇంజన్ తలకాయలో ఒక బిరడాతో బిగించేవారు. ఆ కాగితం లోపల కణకణ కాలుతూ ఉంటే చేత్తో తిప్పి లేపేవారు. చేత్తో తిప్పలేనివాళ్లకు తుపాకీ తూటా లాంటిది పెట్టి సుత్తితో కొట్టే ఏర్పాటు కూడా ఉండేది. ఆ పేలుడుకు ఇంజన్ ఒక చుట్టు తిరిగేది. వినడానికి నవ్వుగా ఉన్నా విషయం ఒకటే. చల్లటి ఇంజన్‌కు మొదటి వేడి బయట నుంచి ఇవ్వాలి.

మన బావుల దగ్గర తిరిగిన ఆయిల్ ఇంజన్లు గుర్తున్నాయి కదా. వాటికి హీటర్ లేదు, మన ఎండలే వాటికి హీటర్. తల మీద ఉన్న లివర్ ఎత్తితే వాల్వు తెరుచుకుని ఒత్తిడి పోతుంది, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. వేగం అందుకున్నాక లివర్ దించితే ఒక్కసారిగా గాలి నొక్కుకుని ఇంజన్ అందుకుంటుంది. ఇక్కడ గమనించాల్సింది వేగం. మెల్లగా తిప్పితే గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది, వేడి గోడలకు పోతుంది, ఇంజన్ లేవదు. ఈ మాట కింద మళ్లీ పనికొస్తుంది.

చిన్న గది, వేడి తీగ

డీజిల్‌ను లారీలో కూర్చోబెట్టడానికి పెద్ద అడ్డంకి నూనెను సన్నగా చల్లే పంపు. ఆ కాలంలో అంత నాణ్యమైన పంపులు లేవు. బెంజ్ కంపెనీలో ప్రాస్పర్ లోరాంజ్ అనే ఇంజనీరు 1909లో ఒక ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు. సిలిండరు పక్కన ఒక చిన్న గది. నూనె ముందు ఆ గదిలో పడి కొంత మండుతుంది. ఆ మంట ఒత్తిడికి మిగిలిన నూనె ఆవిరై సన్నటి బొక్కల గుండా సిలిండరులోకి ఎగజిమ్ముతుంది. పంపు అంత గొప్పది కాకపోయినా ఇంజన్ చక్కగా నడుస్తుంది, చప్పుడు కూడా తక్కువ. 1923లో బెంజ్ వాళ్ల డీజిల్ లారీ ఈ పద్ధతిలోనే వచ్చింది. 1927లో బాష్ కంపెనీ నమ్మకమైన పంపులు పెద్ద ఎత్తున తయారు చేయడంతో డీజిల్ లారీలు పెరిగాయి.

అయితే ఈ చిన్న గదికి ఒక లోపం ఉంది. గది అంటే గోడలు ఎక్కువ. గోడలు ఎక్కువైతే వేడి ఎక్కువ పోతుంది. నడిచేటప్పుడు బాధ లేదు కానీ చల్లగా ఉన్నప్పుడు లేపడం కష్టం. అందుకే ఆ గదిలోకి కరెంటుతో ఎర్రబడే తీగ ఒకటి దూర్చారు. అదే గ్లో ప్లగ్గు. మన మెకానిక్కులు హీటర్ ప్లగ్గు అంటారు. 1920ల్లోనే ఇవి మొదలయ్యాయి. 1936లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ 260 డీ అనే డీజిల్ కారు వచ్చింది. అది ఎక్కువగా టాక్సీలుగా తిరిగింది. ఆ కాలం డీజిల్ బండ్లలో చలిపొద్దున తీగలు ఎర్రబడేదాకా నిమిషం దాకా కూర్చోవాల్సి వచ్చేది. జర్మన్ డ్రైవర్లు దానికి ఎగతాళిగా "రుడాల్ఫ్ డీజిల్ స్మారక నిమిషం" అని పేరు పెట్టుకున్నారు. నాయకుడు పోతే మనం లేచి నిలబడి మౌనం పాటిస్తామే, అట్లా అన్నమాట.

రెండో దారి కూడా ఉంది. చిన్న గది లేకుండా నేరుగా సిలిండరులోకే నూనె చల్లడం. దాన్నే డైరెక్ట్ ఇంజెక్షన్ అంటారు. గోడలు తక్కువ, వేడి నిలుస్తుంది. మన ఎండల దేశంలో హీటర్ లేకుండానే లేస్తుంది. అందుకే మన ట్రాక్టర్లలో, పెద్ద లారీల్లో చాలావాటికి ఈ లైటు గొడవ ఉండదు.

మన నేల మీద కూడా రెండు రకాలూ తిరిగాయి. 1954లో టాటా వాళ్లు డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టినప్పుడు వచ్చిన ఇంజన్ చిన్న గది రకమే. ముందర చుక్క గుర్తు ఉన్న ఆ పాత బెంజ్ లారీలు మన పెద్దోళ్లకు తెలుసు. 1963లో బొంబాయిలో మహీంద్రా వాళ్లు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీతో కలిసి మొదలుపెట్టిన బీ-275 ట్రాక్టరుకు కూడా హీటర్ ప్లగ్గులు ఉండేవి. మద్రాసు టాఫే వారి మాసీ ట్రాక్టర్ల పెర్కిన్స్ రకం ఇంజన్ నేరుగా చల్లే రకం. 1980ల్లో డీజిల్ అంబాసిడర్లు, ప్యూజో ఇంజన్ పెట్టిన మహీంద్రా జీపులు వచ్చాయి. అవి చిన్న గది రకం, హీటర్ తప్పనిసరి. 1994లో వచ్చిన సుమో, 2005లో వచ్చిన రెండు సిలిండర్ల టాటా ఏస్ కూడా అదే దారి. మన పల్లెల్లో ఎక్కువమందికి ఈ స్ప్రింగు బొమ్మ లైటు పరిచయమైంది జీపుతో, చిన్న ఏస్ బండితోనే.

లైటు మొదటి జన్మ: నిజం చెప్పే తీగ

పాత బండ్లలో డ్యాష్‌బోర్డు మీద ఉండేది బల్బు కాదు. చిల్లుల మూత వెనక ఒక తీగ చుట్ట. ప్లగ్గులన్నీ వరసగా ఒకదాని తోక ఇంకొకదానికి కట్టినట్టు కలిపి, వాటి గుండా పోయే కరెంటునే ఈ చుట్ట గుండా కూడా పంపేవారు. లోపల తీగ ఎర్రబడితే బయట తీగ కూడా ఎర్రబడుతుంది. ఇప్పుడు మన లైటు మీద కనిపించే స్ప్రింగు బొమ్మ ఆ తీగ చుట్టనే గుర్తుచేస్తుంది.

ఈ పద్ధతిలో అబద్ధానికి తావు లేదు. తీగ మెల్లగా అరనిమిషంలో ఎర్రబడితే అంతా బాగున్నట్టు. ఎంతసేపైనా నల్లగానే ఉంటే వరసలో యాడో తెగింది. సీరియల్ బల్బుల దండలో ఒక్క బల్బు పోతే దండంతా ఆరిపోయినట్టు. తీగ మామూలు కంటే చాలా త్వరగా, తెల్లగా మండితే ఒక ప్లగ్గు లోపల అతుక్కుపోయి కరెంటు ఎక్కువ లాగుతోందని అర్థం.

తెగింది ఏదో కనుక్కోవడం కూడా సులువే. టెస్ట్ ల్యాంపు ఒక కొసను బాడీకి పెట్టి, రెండో కొసతో కరెంటు వచ్చే వైపు నుంచి ఒక్కో ప్లగ్గు తల తాకుతూ పోవాలి. దీపం వెలిగిన చివరి చోటుకూ వెలగని మొదటి చోటుకూ మధ్య ఉన్నదే తెగినది. పాత జీపులు, పాత ట్రాక్టర్లు ఇంకా వాడుతున్నవాళ్లకు ఇది పనికొస్తుంది.

రెండో జన్మ: గడియారం చెప్పే లైటు

1970, 80ల్లో ప్లగ్గులు మారాయి. బయటకు కనిపించే తీగ పోయి, సన్నటి లోహపు గొట్టంలో తీగ పెట్టి తెల్లటి పొడితో కూరి మూసేశారు. చూడడానికి పెన్సిల్ లాగా ఉంటుంది. ఇవి వరసగా కాక, ఇంట్లో బల్బుల మాదిరి ఒక్కొక్కటి విడిగా నేరుగా బ్యాటరీ కరెంటు తీసుకుంటాయి. ఒకటి పోయినా మిగిలిన మూడు పనిచేస్తాయి. వేడెక్కే సమయం అరనిమిషం నుంచి ఆరేడు సెకండ్లకు దిగింది.

ఇక్కడే లైటు మాట మారిపోయింది. కరెంటు ఎంత పోతోందో చెప్పే తీగ తీసేసి, ఒక రిలే, ఒక టైమరు, ఒక చిన్న బల్బు పెట్టారు. ఇంజన్ ఎంత చల్లగా ఉందో సెన్సారు చెబుతుంది, దాన్ని బట్టి టైమరు ఇన్ని సెకండ్లు అని లెక్కవేసి లైటు ఆర్పుతుంది. అమెరికా పికప్ ట్రక్కుల్లో అయితే "ఆగి స్టార్ట్ చెయ్యి" అని ఇంగ్లీషు అక్షరాలే వెలుగుతాయి. అంటే లైటు ఆరిందంటే "టైము అయిపోయింది" అని మాత్రమే అర్థం. ప్లగ్గులు నిజంగా వేడెక్కాయని అర్థం కాదు. ఈ కాలం బండ్లలో చాలావాటిలో నాలుగు ప్లగ్గులూ చచ్చినా లైటు మాత్రం ఠంచనుగా వస్తుంది, పోతుంది. "లైటు బాగానే ఉంది కదా, మరి బండి ఎందుకు లేయదు" అని అడిగేవాళ్ల బండ్లు ఎక్కువగా ఇవే.

ఈ రకం బండికి వరసగా చూడాల్సినవి ఇవి.

ముందు ఒక ప్రశ్న వేసుకోండి. బండి చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తోందా, వేడిగా ఉన్నప్పుడు కూడానా? వేడి ఇంజన్ కూడా కష్టంగా లేస్తే అది హీటర్ జబ్బు కాదు. డీజిల్ లైనులో గాలి, ఫిల్టరు మూసుకుపోవడం, ఒత్తిడి తగ్గడం, వీటిలో చూడాలి.

రెండోది బ్యాటరీ. ఆయిల్ ఇంజన్ సంగతిలో చెప్పిన మాట గుర్తు చేసుకోండి, వేగం లేకపోతే వేడి పుట్టదు. ఒక్కో ప్లగ్గు మొదట్లో పదిహేను ఇరవై ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ కలిసి లాగినాక బలం లేని బ్యాటరీకి స్టార్టర్ తిప్పే ఓపిక ఉండదు. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే ముందు బ్యాటరీ, దాని టెర్మినళ్లు, ఎర్త్ వైరు చూడండి. ప్లగ్గుల జోలికి తర్వాత పోవచ్చు.

మూడోది, ప్లగ్గులకు కరెంటు వస్తోందా అని. చల్లని ఇంజన్ మీద ఒకరు తాళం తిప్పాలి, ఇంకొకరు ప్లగ్గుల మీద ఉన్న పట్టీకి టెస్ట్ ల్యాంపు తాకించాలి. దీపం వెలగకపోతే ప్లగ్గులకు కరెంటే రావడం లేదు. ఫ్యూజు, రిలే, వైరు చూడాలి. ప్లగ్గులు మార్చినందువల్ల ఏం లాభం?

నాలుగోది, కరెంటు వస్తున్నా లేవకపోతే అప్పుడు ప్లగ్గుల వంతు. పట్టీ విప్పేయండి. టెస్ట్ ల్యాంపు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస ఒక్కో ప్లగ్గు తలకు. దీపం వెలిగితే ఆ ప్లగ్గులో తీగ తెగలేదు. వెలగకపోతే తెగింది. మీటరు ఉంటే ఇంకా మంచిది, బాగున్న లోహపు ప్లగ్గు ఒక ఓమ్‌కు అటూ ఇటూగా చూపిస్తుంది.

ఐదోది, లైటు ఎంతకూ ఆరకపోతే. సెన్సారు వైరు ఊడి ఉండొచ్చు, లేదా రిలే లోపల కాంటాక్టులు అతుక్కుపోయి ఉండొచ్చు. తాళం తీసేసినాక కూడా ప్లగ్గుల పట్టీ మీద దీపం వెలుగుతుంటే రిలే అతుక్కున్నట్టే. దాన్ని అట్లాగే వదిలితే రాత్రికి బ్యాటరీ ఖాళీ, ప్లగ్గుల కొసలు కూడా మాడిపోతాయి. వెంటనే బ్యాటరీ కేబులు విప్పండి.

మా పక్క ఊళ్లో ఒక రైతు పికప్ బండికి ఒకే చలికాలంలో రెండుసార్లు నాలుగు ప్లగ్గులూ మార్చారు. చివరికి తేలింది అతుక్కున్న రిలే. కొత్త ప్లగ్గులు పెట్టినా అవి కూడా మాడుతూ పోయాయి. రిలే ధర ముందే పెట్టుంటే ఎనిమిది ప్లగ్గుల డబ్బు మిగిలేది. మరీ ముఖ్యంగా, మాడిన ప్లగ్గు కొస విరిగి సిలిండరులో పడితే పిస్టన్ తినేస్తుంది. అప్పుడు ఇంజన్ దించాల్సిందే.

ఇంకో మాట. ఒకే సిలిండరు ప్లగ్గు పదేపదే పోతుంటే తప్పు ప్లగ్గుది కాకపోవచ్చు. ఆ సిలిండరు నాజిల్ సరిగా చల్లక, నూనెను ధారగా కారుస్తుంటే ప్లగ్గు కొస కాలిపోతుంది. నాజిల్ చూపించండి.

మూడో జన్మ: కంప్యూటరు నోరు

కామన్ రైల్ ఇంజన్లు వచ్చాక, మరీ 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాక, లైటు పూర్తిగా కంప్యూటరు చేతికి పోయింది. ఈ ఇంజన్లు నేరుగా చల్లే రకమే అయినా ప్లగ్గులు మళ్లీ వచ్చాయి. కారణం, టర్బో ఉన్న కొత్త ఇంజన్లలో గాలిని అదిమే పాళ్లు తగ్గించారు, పొగ మీద నిబంధనలు పెరిగాయి. ఇంజన్ లేచిన తర్వాత కూడా కాసేపు ప్లగ్గులు వేడిగానే ఉంటాయి. తెల్లపొగ, టకటక చప్పుడు తగ్గించడానికి అది. కొన్నింటిలో పింగాణీ లాంటి సిరామిక్ ప్లగ్గులు ఉంటాయి. రెండు సెకండ్లలో వెయ్యి డిగ్రీలు దాటుతాయి.

ఈ కాలపు లైటు నడుస్తుండగా కొట్టుకుంటే అది వేరే కబురు. కొన్ని కంపెనీల బండ్లలో హీటర్ వ్యవస్థలో లోపం ఉంటే అట్లా కొట్టుకుంటుంది. ఇంకొన్నింటిలో ఇంజన్ కంట్రోలులో ఏ తేడా వచ్చినా ఆ లైటునే వాడుకుంటారు. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లలో బ్రేకు పెడలు దగ్గరుండే స్విచ్చు పోయినా ఈ స్ప్రింగు బొమ్మే కొట్టుకుంటుంది. బ్రేకు స్విచ్చుకూ హీటరుకూ ఏం సంబంధం అనుకుంటాం. లైటు అదే, కానీ మాట్లాడేది కంప్యూటరు. అందుకే ఇట్లాంటి బండికి ఊహతో సామాను మార్చకూడదు. స్కానర్ పెట్టించాలి. కోడ్ ఏం వచ్చిందో మీరే అడిగి రాసుకోండి. పీ 0380 వస్తే హీటర్ సర్క్యూట్. పీ 0671 నుంచి పీ 0674 దాకా వస్తే వరసగా ఒకటో సిలిండరు నుంచి నాలుగో సిలిండరు దాకా ప్లగ్గు సర్క్యూట్లు. పీ 0673 ఒక్కటే వచ్చిందంటే మూడో సిలిండరు ప్లగ్గు, దాని వైరు చూడాలి. కోడ్ చూడకుండా నాలుగూ మార్చాలంటే కారణం చెప్పమని అడగండి. అది మన హక్కు.

లైటు కొట్టుకుంటూ బండి బలం కూడా తగ్గితే పక్కకు తీసి ఆపండి. బండి మామూలుగా లాగుతుంటే సరుకు దించి, ఆ రోజే చూపించుకోండి.

చేయకూడనివి

పాత అలవాట్లు పాత ఇంజన్లతోనే పోవాలి. అన్నిటికంటే ప్రమాదం, హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌కు గాలి గొట్టంలో స్టార్టింగ్ స్ప్రే కొట్టడం. అందులో ఉండే ఈథర్ చానా త్వరగా అంటుకుంటుంది. ఎర్రగా కాలుతున్న ప్లగ్గు తగిలితే పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది. పిస్టన్ పగలొచ్చు, మంట వెనక్కి తన్ని ముఖం కాలొచ్చు. పెట్రోలు గుడ్డ పెట్టడం, ఎయిర్ ఫిల్టరు దగ్గర గుడ్డ కాల్చడం కూడా అంతే.

ప్లగ్గు బాగుందో లేదో చూడాలని ఊడబీకి నేరుగా బ్యాటరీకి తాకించే అలవాటు ఉంది. పాత 12 వోల్టుల లోహపు ప్లగ్గుకు జాగ్రత్తగా చేస్తే నడుస్తుంది. కొత్త బండ్లలో కొన్ని ప్లగ్గులు నాలుగైదు వోల్టులకే చేసినవి. కంప్యూటరు వాటికి కరెంటును తుంచి తుంచి ఇస్తుంది. వాటిని 12 వోల్టులకు తాకిస్తే చూస్తుండగానే కాలిపోతాయి. ప్లగ్గు మీద వోల్టేజీ రాసి ఉంటుంది, చదవకుండా ముట్టుకోవద్దు. సిరామిక్ ప్లగ్గు చేయి జారి కింద పడితే పైకి బాగానే కనిపించినా లోపల చీలి ఉండొచ్చు. దాన్ని మళ్లీ బిగించకండి.

విప్పేటప్పుడు ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి. ముందురోజే తుప్పు వదిలే నూనె పోసి పెట్టండి. పెద్ద పానా వేసి బలమంతా పెడితే ప్లగ్గు మెడ విరిగి సగం లోపలే ఉండిపోతుంది. దాన్ని తీయడానికి హెడ్డు దించాల్సి రావచ్చు.

లంబసింగి, చింతపల్లి, ఆదిలాబాద్ వైపు సోదరులకు ఈ రెండు నెలలూ ప్లగ్గులు తప్పనిసరి. అక్కడ చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది. దీపావళి దాటగానే ఒకసారి టెస్ట్ ల్యాంపుతో చూసుకోండి. కృష్ణా, గుంటూరు వైపు ఎండాకాలంలో లైటు ఇట్లా వచ్చి అట్లా ఆరిపోతే కంగారు పడొద్దు. ఇంజన్ వెచ్చగా ఉందని సెన్సారు చెప్పినట్టు. ఎండాకాలమంతా పోయిన ప్లగ్గులు కూడా బయటపడవు. మొదటి చలిపొద్దునే వాటి సంగతి తెలుస్తుంది.

బ్లో ల్యాంపు పట్టుకుని ఇంజన్ ముందు కూర్చున్న రైతుకు తన బండి వేడెక్కిందో లేదో కళ్లతో కనిపించేది. తర్వాత వచ్చిన తీగ కూడా ఉన్నది ఉన్నట్టు చూపించింది. ఆ తర్వాత మన పని సులువు చేయడానికి టైమరు వచ్చింది, కంప్యూటరు వచ్చింది. సులువైన కొద్దీ లోపల ఏం జరుగుతోందో మనకు కనిపించడం తగ్గింది. అది కనిపించనంత కాలం ఎవరు ఏం మార్చాలన్నా తలూపాల్సి వస్తుంది. ఒక టెస్ట్ ల్యాంపు, కాసింత ఓపిక ఉంటే ఆ కనిపించనిది మళ్లీ మన కంటికి కనిపిస్తుంది.

రేపు పొద్దున తాళం తిప్పేటప్పుడు మీ బండి లైటు ఈ మూడు జన్మల్లో దేనిదో చూసుకోండి. టెస్ట్ ల్యాంపు ఒకటి కొని సీటు కింద పెట్టుకోండి. ఊళ్లో పదిమందికీ అదొక్కటే సరిపోతుంది.

మీ సేద్యం చల్లగా, మీ ఇంజన్లు వెచ్చగా ఉండాలి. ఉంటాను.